సోమవారం జవాబిచ్చిన పేరు

నా హాజరుపట్టీలో ఒక పేరు ఎందుకు మిగిలిందో చెప్పవలసిన బాధ్యత నాది గనుక ఇది రాస్తున్నాను. చంద్రపూర్ కళాశాలకు ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో, తప్పనిసరి పర్యావరణ పాఠానికి ప్రతి సోమవారం ఆన్‌లైన్ క్విజ్ పెట్టేవాణ్ణి. వరుసగా మూడుసార్లు జవాబివ్వని విద్యార్థి పేరు కొట్టివేసేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం దుర్గాపూర్ బొగ్గుగనుల వైపు వెళ్లే బస్సులో, నా చేతిలో కొన్ని పేర్లు కొట్టివేసి ఉన్న మార్కుల జాబితా చూసి, పక్కసీటులోని గని కార్మికుడు తన కొడుకు పేరు చెప్పాడు.

“గా పేరు కొట్టెయ్యకుండ్రి సారూ. పోరడు జరమొచ్చి సచ్చిపోయిండు. నెల దాటింది.”

జాబితాలో ఆ పేరు ఎదుట, మొన్నటి సోమవారానికి పదికి పది ఉన్నాయి.

“ఆ అబ్బాయి పాస్‌వర్డు ఎవరి దగ్గరుంది?”

“గవన్ని మాకేం ఎర్క సారూ? మా ఇంట్ల చదివింది వాడొక్కడే.”

అతడు దిగిపోయాడు. తర్వాతి సోమవారమూ ఆ పేరుకు పదికి పది వచ్చాయి. నేను కొట్టివేయలేదు. ఇందులో నా పొరపాటు ఎక్కడుందో తెలిసిన పాఠకులు దయచేసి సరిదిద్దండి.