వార్పు అతికే కళ్ళకు కాపడం

నేను సారాయి తాగుతానని సోమందేపల్లెలో ఒక పుకారు లేచింది. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, అంతా వెనకే. కారణం నా మొహం. ముక్కు మీదా రెండు బుగ్గల మీదా ఎరుపు ఎక్కిందంటే దిగేది కాదు. పైన సన్నటి పొక్కులు. కళ్ళు చూస్తే నాలుగు చావులకు ఏడ్చి వచ్చినట్టు ఉండేవి. కాఫీ కూడా పండక్కే తాగేదాన్ని నేను. అయినా ఎవరో ఏదో అన్నారని గడప దిగి పోట్లాడే అలవాటు నాకు లేదు. నా పని చూసి నోళ్ళు మూసుకుంటారులే అనుకున్నాను. తీరా చూస్తే ఆ పనికే ముప్పు వచ్చింది.

పట్టు మగ్గాలకు వార్పు అతకడం నా పని. మగ్గం మీద నిలువుగా ఉండే పోగులన్నీ కలిపి వార్పు. చీరలు నేసేకొద్దీ అది అయిపోతుంది. పాత పోగుల కొసలను దువ్వెన లాంటి పన్నెలోనే వదిలి, ఒక్కో కొసకూ కొత్త వార్పులోని ఒక్కో పోగు కలిపి వేళ్ళతో మెలేయాలి. ముడి వేస్తే పన్నె పళ్ళలో దూరదు. మెలిక జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుంటాం. వేల పోగులు, వెంట్రుక కంటే సన్నం. ఇద్దరు ఆడవాళ్ళం చెరో అంచు నుంచి మొదలుపెట్టి నడుమ కలుసుకుంటాం. నా జోడీ మా వీధి ఆమే. చుట్టరికం లేకపోయినా వదినా అని పిలుచుకునేవాళ్ళం. ఆమె చేతులు పోగుల మీద ఉంటే నోరు నా మీద ఉండేది.

తెల్లారి లేస్తే నా రెప్పలు అతుక్కుని ఉండేవి. వెంట్రుకల మొదట్లో తవుడు లాంటి పొట్టు. పగలంతా కళ్ళలో ఇసుక పోసినట్టు గరగర, ఆపైన దురద. రుద్దితే కాసేపు స్వర్గం, తర్వాత మంట. రుద్దిన వేళ్ళకేమో బూడిద. వార్పు అతికే వాళ్ళందరికీ ఉన్న అలవాటే ఇది. నొసట పెట్టుకునే విబూది లాంటిదే కదా, కంట్లో పడితే మంచిదే అనుకునేవాళ్ళం.

ఒళ్ళు వేడి చేసిందని ఊరంతా తీర్మానించింది. నేనూ కాదనలేదు. నందివర్ధనం పూలు తడిపి కళ్ళ మీద పెట్టుకున్నాను. ఆముదం పెట్టాను. వెనక వీధిలో బాలింత దగ్గర చనుబాలు వేయించుకున్నాను. సబ్జా గింజలు, మజ్జిగ, బార్లీ నీళ్ళు, అన్నీ చలవే. పూటకు మాత్రం పొగలు కక్కే సంగటి ముద్ద, అందులోకి నోరు మండే ఎండుమిరప కారం, మీద వేడి వేడి ఉలవచారు. తిన్నాక బుగ్గలు భగభగమనేవి. చలవ చాలలేదని ఇంకొంచెం సబ్జా నానేసుకునేదాన్ని.

ఒకరోజు మగ్గాల యజమాని మనిషిని పంపి పిలిపించాడు. మగ్గం దగ్గర కూర్చోబెట్టి వేలు పెట్టి చూపించాడు.

"చూడు పెద్దమ్మా. అంచు పోగు పోయి చీర ఒంటి పోగుల్లో కూర్చునుండాది. పచ్చదాంట్లో ఎర్రది. నీ పక్కే ఇది."

నేను వంగి చూశాను. నీళ్ళు కారుతున్న కళ్ళకు పచ్చా ఎరుపూ ఒకటిగానే కనిపించాయి.

"పెండ్లి చీరల వార్పు ఒకటి వస్తాండాది," అన్నాడు. "అంతలోకి నీ కండ్లు నెమ్మదిస్తే నీకే ఇస్తా. లేకుంటే ధర్మవరం నుంచి వేరే జోడీని పిలిపిస్తా. ఏమనుకోవద్దు."

"నాకు వేరే జోడీని చూసుకోమని చెప్పలేదు కదప్పా?" అంది వదిన పక్క నుంచి.

"నువ్వు నోరు తగ్గిస్తే నీకెవురైనా దొరుకుతారులే అక్కా."

ఆ మాటకు వదిన నవ్వింది గానీ నేను నవ్వలేదు. మా ఆయన పోయాక కొడుకూ కోడలూ నన్ను బాగానే చూసుకుంటున్నారు. అయినా నా తమలపాకులకు, నా రవికగుడ్డకు ఇంకొకరి ముందు చెయ్యి చాపే రోజు రాకూడదని నా పంతం. ఆ పంతమంతా ఈ వేళ్ళ మీదా కళ్ళ మీదా నిలబడి ఉంది.

కోడలు ఇక ఊరుకోలేదు. "రా అత్తా, హిందూపురం పోదాం. బస్సు చార్జీ నేను పెట్టుకుంటాలే," అంది. నన్ను కదిలించే మాట ఏదో దానికి తెలుసు.

అక్కడి కంటి డాక్టరమ్మ చిన్నది, నా కోడలి ఈడు. కంటికంటే ముందు నా మొహం చూసింది. "ఈ ఎరుపు ఎన్నాళ్ళ నుంచి అవ్వా? ఎండలో పోతే పెరుగుతుందా? కారం తింటే?" అని అడిగింది. ఆ తర్వాత అద్దాల యంత్రానికి గడ్డం ఆనించమని, రెప్పలు తిప్పి చూసింది. ఇది కలక కాదు, ఇంకొకరికి అంటుకోదు అని చెప్పింది. రొజేసియా అని పేరు చెప్పింది. మొహం చర్మానికి వచ్చే జబ్బట, కళ్ళకూ పాకుతుందట.

"చలికాలంలో నెయ్యి గడ్డకడితే ఏం చేస్తావు అవ్వా?"

"సెగ సూపిస్తా."

"నీ రెప్పల అంచులో సన్న సన్న నూనె గదులుంటాయి. అందులో నూనె గడ్డకట్టింది. అది బయటికి రాక కన్ను ఎండిపోతోంది. గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టాలి."

"ఏమమ్మా, వేడి చేసిన కంటికి మళ్ళా వేడా? నిప్పు ఆర్పేదానికి కిరసనాయిలు పోస్తారా యాడన్నా?"

కోడలు నా మోచెయ్యి గిల్లింది. డాక్టరమ్మ మాత్రం నవ్వింది. "నెయ్యికి అడ్డం చెప్పలేదు కదా, దీనికెందుకు చెప్తావు?" అంది.

కాపడం అయ్యాక రెప్పల అంచు మెల్లగా తుడవాలి. కన్నీళ్ళ లాంటి చుక్కలు వేసుకోవాలి. కొన్ని వారాలు మాత్రలు. ఎండకు గొడుగు. సంగటి చల్లారాక తినాలి, కారం తగ్గించాలి. బూడిద చేత్తో కన్ను ముట్టకూడదు. "చుక్కల సీసా మూత తీసిన నెలకు మిగిలినా పారెయ్యి" అని కూడా చెప్పింది. అన్నిటికంటే అదే నాకు కష్టమైన మందు.

ఇంటికి రాగానే మా ఆయన పాత పంచ ఒకటి చించి ఉడకేసి ఆరేశాను. కొత్త గుడ్డ అంత మెత్తగా ఉండదు, ఖర్చు కూడా. వంట అయిపోయిన పొయ్యి మీద మిగిలిన సెగకే నీళ్ళు పెట్టేదాన్ని, కట్టె వేరుగా కాల్చనవసరం లేదు. చేతి వెనక ఆనించి, చురుక్కుమనకుండా ఉంటేనే కళ్ళ మీద వేసుకునేదాన్ని. మొదటి పొద్దు ఏమీ తెలియలేదు. కొన్నాళ్ళకు రెప్పలు తెల్లారి తమంతట తాము విడివడ్డాయి. ఆ పొద్దు పడుకునే ఉండి ఇంటి దూలాలు లెక్కపెట్టాను, స్పష్టంగా కనిపిస్తున్నాయి కదా అని.

కారం మానడమే పోరాటం. ఆవిరి పోయేదాకా సంగటి ముద్ద ముందు కూర్చుంటే ఆకలి కడుపులో కుండలు పగలగొట్టేది. నెల తిరిగిన రోజు చుక్కల సీసా వెలుతురుకు పట్టి చూశాను. అడుగున ఇంకా ఉంది. నూనె డబ్బాను కూడా బోర్లించి రాత్రంతా ఉంచే మనిషిని నేను. కోడలు చేతులు కట్టుకుని వాకిట్లో నిలబడింది.

"ఏం చూస్తాండావే?"

"నువ్వు పారేసేది సూసేదానికి నిలబడినా అత్తా. మళ్ళా సూస్తానో లేదో."

పారేశాను. అది ఇప్పటికీ అందరికీ చెప్తుంది.

పెండ్లి వార్పు వచ్చింది. యజమాని నన్నే ముందు పిలిచాడు, కానీ ధర్మవరం వాళ్ళకూ కబురు పెట్టి ఉంచాడని నాకు తెలుసు. వెలుతురు వచ్చే కిటికీ వైపు అంచు నేను తీసుకున్నాను. నడుముకు తడిగుడ్డ చెక్కుకున్నాను. సగంలో ఎడమ కంటికి దురద లేచింది. ఎంత దురదంటే ఒళ్ళు జలదరించింది. చెయ్యి లేపలేదు. కళ్ళు మూసుకుని మెల్లగా రెప్పలార్పాను.

"ఏం వదినా, మంత్రించిన బొమ్మ మాదిరి కూర్చుంటివి?"

"నువ్వు నీ పోగులు సూసుకో. నేను నడుమకు వస్తాండా."

తడిగుడ్డతో బూడిద తుడిచి, వేళ్ళు కడుక్కుని, కొత్త సీసాలోని చుక్కలు వేసుకుని, మళ్ళీ బూడిద అద్దుకున్నాను. పచ్చదానికి పచ్చ, ఎర్రదానికి ఎర్ర. నడుమకు నేనే ముందు చేరాను. నడుమ దాటి వదిన పోగుల్లో కొన్ని నేనే అతికాను.

ఇక లాగడం. అతుకులన్నీ పన్నె పళ్ళ గుండా ముందుకు జారాలి. ఒక్క మెలిక వదులైనా అక్కడే తెగి వేలాడుతుంది. యజమాని వంగి మెల్లగా లాగాడు. అతుకుల వరస బూడిద రంగు గీతలా పన్నె దాకా వచ్చి, లోపలికి పోయి, ఇవతల తేలింది. ఒక్క పోగూ తెగలేదు. ఆయన దీపం తెప్పించి అంచు మొత్తం వేలితో తడిమాడు. ఒంటి పోగుల్లోకి అంచుది ఒక్కటీ పోలేదు.

"ధర్మవరం వాళ్ళకు రావద్దని చెప్పిపంపు," అన్నాడు తన మనిషితో. నా వైపు తిరిగి, "పెద్దమ్మా, ఆ మూల మగ్గం కూడా అయిపోవచ్చింది. రేపు తెల్లార్తోనే వచ్చేయండి," అన్నాడు.

"తెల్లార్తో రాను," అన్నాను లేచి కొంగు దులుపుకుంటూ. "కండ్లకు కాపడం అయినాకనే వస్తా. అంతదాకా నీ మగ్గం కాసుకోనుండాల."

ఆయన తలూపాడు.