ఆటోకు చిక్కిన హెల్మెట్

పుప్పాలగూడ నుంచి హైటెక్ సిటీలోని ఆఫీసుకు నేను సైకిల్ మీదే వెళ్తాను. ఈ ట్రాఫిక్‌లో నడక వేగంతో పోయే సైకిల్‌కి హెల్మెట్ ఎందుకని నా వాదన. మా ఆవిడ ఊరుకోదు కనుక వీధి మలుపు దాకా పెట్టుకుని, ఆ తర్వాత తీసి హ్యాండిల్‌కి తగిలించేవాణ్ణి.

మొన్న వేసవిలో ఒక ఉదయం సిగ్నల్ దగ్గర ఆగాను. ఎడమవైపు బస్సు, కుడివైపు డివైడర్, ముందు ఆటో. పచ్చ లైటు పడగానే ఆటో కదిలింది, దాంతోపాటు నా సైకిలూ కదిలింది. చూస్తే, వేలాడుతున్న హెల్మెట్ పట్టీ ఆటో వెనక ఇనుప కడ్డీకి చిక్కుకుని ఉంది. బ్రేకు వేస్తే హ్యాండిల్ మెలితిరిగి బస్సు చక్రాల కింద పడతాను. దిగడానికి చోటు లేదు. అరిస్తే హారన్ల మోతలో నా గొంతు నాకే వినబడలేదు. ఉత్త తలతో ఆటో వెంట తొక్కుతూనే ఉన్నాను.

ఆటోలో ఉన్న ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. "అన్నా, ఆపు. సైకిలాయన ఇరుక్కున్నడు" అంది.

డ్రైవరు దిగివచ్చి పట్టీ విడిపించాడు. తిడతాడనుకున్నాను. "జర తల వంచు అన్నా" అని హెల్మెట్ నా నెత్తిన పెట్టి, వెనక హారన్లు మోగుతున్నా తొందరపడకుండా, గడ్డం కింద క్లిప్పు తనే నొక్కాడు.

ఇప్పుడు మలుపు దాటినా దాన్ని తీయను. తీయబోతే ఆ వేళ్లు ఇంకా అక్కడే ఉన్నట్టుంటుంది.