పెళ్లి లేని పందిరి

గద్వాల్‌లో చాంద్ పాషా పందిరి వేస్తే ఎండ లోపలికి దిగదని పేరు. పేరుంటే ఏం లాభం చెప్పండి! రెండువేల ఆరు వచ్చేసరికి పెళ్లిళ్లన్నీ ఇంటి ముంగిళ్లలోంచి లేచి ఫంక్షన్ హాళ్లలోకి పోయి కూర్చున్నాయి. అక్కడ థర్మాకోల్ హంసలు, రంగు గుడ్డల కుచ్చులు, మిణుకుమిణుకుమనే లైట్లు. నేరేడు కొమ్మలూ మామిడాకులూ పట్టుకుని నిలబడ్డ చాంద్ పాషాను పిలిచేదెవరు? పోయిన మాఘమాసం చాలావరకు ఇంట్లో కూర్చునే గడిచింది.

బావమరిది హఫీజ్‌కు రాయచూరులో బట్టల దుకాణం ఉంది. "ఇంకా ఆ ఆకులూ అలములూ ఏంది బావా? బంద్ జేసి రా, నా దుకాణంల కూసో" అని ఒకటే ఫోన్లు. తాతల నాటి పని వదిలేసి బావమరిది గల్లా పక్కన ముక్కాలిపీట మీద కూర్చోవాలంటే నలభై దాటిన మగవాడికి ఎట్లా ఉంటుంది? ఆ మాట తలుచుకుంటే చాంద్ పాషాకు అన్నం సయించేది కాదు.

అట్లాంటప్పుడు వనపర్తిలో ఒక ఫంక్షన్ హాలు ఆయన పెళ్లి సామాన్ల ఎగ్జిబిషన్ పెడుతున్నాడని తెలిసింది. రెండు రోజులు. కార్డుల వాళ్లు, చీరల వాళ్లు, వంటల వాళ్లు, డెకరేషన్ వాళ్లు ఎవరి స్టాలు వాళ్లు పెట్టుకోవచ్చు. ఇంట్లో పెళ్లి పెట్టుకున్న వాళ్లు వచ్చి చూసి, నచ్చితే మాట్లాడుకోవచ్చు.

"ఇదొక్కటి చూస్త రహీమా. ఈడ గూడ ఎవ్వరు పిలువకపోతె రాయచూరు పోదం" అన్నాడు భార్యతో.

రహీమున్నీసా పూలు గుచ్చుతూనే ఉంది. "నువ్వు పొమ్మంటె పోత. గాని నువ్వు మీటరు కట్టె పట్టుకోని నిలబడితె నేను జూడలేను" అంది.

మిగతా డెకరేషన్ వాళ్లు బల్ల మీద ఫొటోల ఆల్బమ్ పెట్టుకుని కూర్చున్నారు. చాంద్ పాషాకు ఆల్బమ్ ఎక్కడిది? ఉన్నా పెట్టే రకం కాదు. "పందిరిని ఫొటోల ఏం జూస్తరు? దాని కిందికి వచ్చి నిలబడాలె, ఆకు వాసన రావాలె" అని గోపాల్‌పేట దారిలో తెలిసిన రైతు చెలకలోంచి నేరేడు కొమ్మలు కొట్టుకొచ్చి, భార్యను తోడు పెట్టుకుని హాలు మధ్యలో నిజం పందిరే వేశాడు. గుంజలకు పసుపు పూశాడు, కుంకుమ పెట్టాడు, తోరణం కట్టాడు, అటూ ఇటూ అరటిచెట్లు నిలబెట్టాడు. లోపల రెండు పీటలు కూడా వేశాడు. పక్క స్టాలులో గద్వాల్ చీరలమ్మే విజయమ్మ చూసి, "ఓ పాషా, దీన్ని జూస్తె నాకే మళ్ల పెండ్లి జేసుకోవాలనిపిస్తుంది గదనయ్యా!" అంది. చాంద్ పాషా ముఖం చూడాలి అప్పుడు, కొత్త పెళ్లికొడుకు కూడా అంత వెలగడు.

ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. వచ్చినవాళ్లు దూరం నుంచి చూసి "అబ్బ, ఎంత సక్కగుంది!" అంటున్నారు, దగ్గరికి వచ్చి టక్కున ఆగిపోతున్నారు. లోపలికి ఒక్కరూ అడుగు పెట్టరు. ఇదేం చిత్రమో ఆయనకు అంతుపట్టలేదు. చివరికి గోపాల్‌పేట నుంచి వచ్చిన భీమమ్మ అనే ముసలావిడ అసలు సంగతి బయటపెట్టింది. మనవరాలు అర్చన పెళ్లి పనుల మీద కోడలు ఇందిరమ్మనూ, ఆ పిల్లనూ వెంటబెట్టుకుని వచ్చిందావిడ.

"ఎవరి పెండ్లి, కొడుకా?" అని అడిగింది.

"పెండ్లి కాదవ్వా. ఊకె, చూపించెతందుకు ఏసిన."

"ఏందీ!" భీమమ్మ చెయ్యి బుగ్గ మీదికి పోయింది. "పెండ్లి లేకుంట పచ్చని పందిరేసినవా? పసుపు పూసి, పీటలు గూడ ఏసి! గింత పెద్దగైనవు, నీకు ఎవ్వరు జెప్పలేదా? పెండ్లి పెట్టుకున్నోళ్లం, దీని కిందికి ఎట్ల వస్తం? నడువుండ్రి, నడువుండ్రి!" అని కోడలినీ మనవరాలినీ తోసుకుంటూ పోయింది.

అంతే. ఆ మాట హాలంతా చుట్టి రావడానికి ఎంతసేపు! తల్లులు పిల్లల రెక్కలు పట్టుకుని అటు పక్కగా లాక్కుపోతున్నారు. థర్మాకోల్ హంసల స్టాలు ముందు జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. చాంద్ పాషా ఎన్ని పందిళ్లు వేసినవాడు! ఏ కులం వాళ్లు ఏ కొమ్మ కడతారో, ఎవరింట్లో ఎన్ని గుంజలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ జీవితంలో ఒక్కసారైనా పెళ్లి లేకుండా పందిరి వేసి ఉంటే కదా, వేయకూడదని తెలిసేది!

ఇక లాభం లేదనుకుని తాళ్లు విప్పబోయాడు. అవతల కార్డుల స్టాలు దగ్గర నుంచి భీమమ్మ కేక: "ముట్టకు! పెండ్లి గాకుంట పందిరి పీకుతవా?"

"ఏస్తె తప్పంటివి, పీకితె తప్పంటవు! మరి నన్నేం జెయ్యమంటవవ్వా?"

"పెండ్లి జెయ్యి, పో!" అనేసి భీమమ్మ మళ్లీ కార్డులు చూడటంలో పడింది.

జనం వెళ్లిపోయాక చాంద్ పాషా పీట మీద కూలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. "అయిపాయె రహీమా. హఫీజ్‌కు ఫోన్ జేస్త."

"అవ్వ మంచిగనే జెప్పింది గద, పెండ్లి జెయ్యమని."

"ఎవరికి జేస్త? నీకా, నాకా?"

"మనకైంది చాలు తియ్యి" అని నవ్వింది రహీమున్నీసా. "చిన్నప్పుడు మా మానవపాడుల జొన్న దంట్లతోని బొమ్మలు జేసి పెండ్లి జేస్తుంటిమి. మా గల్లీ పిల్లలందరం గూడి. పెద్దోళ్లు గూడ వచ్చి అక్షింతలు ఏస్తుండిరి. బొమ్మల పెండ్లి పెండ్లి గాదా?"

చాంద్ పాషా పీట మీంచి చటుక్కున లేచాడు.

మర్నాడు పొద్దున పీటల మీద రెండు జొన్న దంటు బొమ్మలు కూర్చుని ఉన్నాయి. విజయమ్మ ఇచ్చిన జరీ ముక్క పెళ్లికూతురికి చీర అయింది. రహీమున్నీసా గుంజ దగ్గర నిలబడి, "పెండ్లుంది, రాండ్రమ్మా!" అని పిలిచింది. ఆడవాళ్లు ముందు నవ్వారు, తర్వాత మూగారు. విజయమ్మ ఆడపిల్ల తల్లినని కూర్చుంది. వంటల స్టాలు ఆడవాళ్లు మగపెళ్లివారయ్యారు, అయిన మరుక్షణమే అలిగారు కూడా. మాకు కాళ్లకు నీళ్లియ్యలేదని వాళ్లు, మీ పిలగాడు పొట్టిగున్నడని వీళ్లు! ఆట అనుకునేరు, పౌరుషాలు నిజంవే. జీలకర్రా బెల్లం మాత్రం వంటల వాళ్లే తెచ్చారు, అలుగుతూనే.

కార్డులు ఖరారు చేయడానికి కోడలితో మళ్లీ వచ్చిన భీమమ్మ పందిరి అంచున నిలబడి కాసేపు చూసింది. ముక్కు విరిచింది. చూసి చూసి ఇక ఉండబట్టలేకపోయింది. "ఓసి మీ పాడుగాను! తూర్పు మొగం పెట్టకుంట కూసోపెడ్తిరేందే!" అంటూ గబగబా పందిరి కిందికి వచ్చేసి, బొమ్మలను తిప్పి కూర్చోబెట్టి, పెళ్లి పాట ఎత్తుకుంది. ఆవిడ వచ్చాక ఇంకెవరు ఆగుతారు! హంసలాయన కూడా వచ్చి నాలుగు అక్షింతలు వేసి పోయాడు.

పాట అయ్యాక ఒక్కొక్కరే తలెత్తి పైకి చూశారు. "ఎంత సల్లగుంది!" అన్నారు. మా ఇంటి ముందు ఇంత జాగా ఉంది, పడుతుందా అని ఒకరు, నాగర్‌కర్నూల్ దాకా వస్తావా అని ఒకరు. చాంద్ పాషా సెల్ నంబరు చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. హఫీజ్‌కు ఫోన్ చేయాల్సిన పని పడలేదు.

జనం పలచబడేదాకా ఇందిరమ్మ అరటిచెట్టు పక్కనే నిలబడి ఉంది. చాంద్ పాషా పందిరి తాళ్లు విప్పుతుంటే దగ్గరికి వచ్చింది.

"అన్నా, మా అర్చన పెండ్లి మాఘంల. ఇంటి ముంగటనే జేస్తం. పందిరి నువ్వే ఎయ్యాలె."

"ఎయ్యనా చెల్లె! మంచిగ ఏస్త."

"ఇంకో మాట." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మొదటి కొమ్మ గూడ నువ్వే తేవాలె."

చాంద్ పాషా చేతిలో తాడు అట్లాగే ఆగిపోయింది. పందిరికి మొదటి కొమ్మ తెచ్చేది పెళ్లికూతురి మేనమామ. ఆయన తెచ్చి గుంజకు కట్టేదాకా పని మొదలు కాదు. ఇన్నేళ్లుగా ప్రతి ఇంటి ముందూ నిచ్చెన పట్టుకుని, ఆ మేనమామ వచ్చేదాకా ఎదురుచూడటం చాంద్ పాషాకు అలవాటు. రెండో కొమ్మ నుంచే తన చెయ్యి పడేది.

"నాకు తోడబుట్టినోళ్లు లేరన్నా. మా పుట్టింటి పాలోళ్లల్ల ఎవరినన్న పిలుద్దమని మా అత్త అంటుండె. నేనే వద్దన్న. నిన్న అంతమంది మొగం తిప్పుకోని పోయినా నువ్వు ఎవ్వరిని ఒక్క చెడ్డ మాట అనకపోతివి. నీ కూలి నీకిస్త, అది వేరె. కొమ్మకు మాత్రం బట్టలు పెడ్త, మేనమామకు పెట్టినట్టు. కాదనకు."

చాంద్ పాషా భీమమ్మ వైపు బెరుకుగా చూశాడు.

"నన్ను జూస్తవేంది? నీ చెల్లె అడుగుతుంది, చెప్పు" అంది ముసలావిడ.

చాంద్ పాషా తాడు పక్కన పెట్టాడు. ఎవరింటికి పోయినా ముందుగా అడిగే మాటే అడిగాడు. కాకపోతే ఇన్నేళ్లూ "మీ ఇంట్ల" అని అడిగేవాడు.

"చెల్లె, మన ఇంట్ల ఏం కొమ్మ కడ్తరు?"