ఆయన ముఖానికి సరిపోయిన మాస్కు

మా ఆయన ముఖం రెండు వైపులా ఒకేలా ఉండేది కాదు. చిన్నప్పుడు గోడ మీంచి పడితే ఎడమ చెంప ఎముక విరిగి, లోపలికి నొక్కుకుపోయి అలాగే అతుక్కుందట. నన్ను చూడ్డానికి వచ్చిన రోజు కుడి చెంప మావైపు తిప్పి కూర్చున్నారు. "సగం చూపించి మోసం చేశారు" అని నేనంటే, "రెండో సగం నీళ్ళ కింద దాచుకుంటున్నాగా" అనేవారు.

చిన్నతనంలో బావుల్లో పడ్డ బొక్కెనలు తీసేవారు. తర్వాత ఊరికి తాగునీళ్ళిచ్చే జలాశయంలో పని దొరికింది. నీళ్ళు గొట్టాల్లోకి వెళ్ళేచోట పెద్ద ఇనప జల్లెడ ఉంటుంది. గాలి సిలిండరు వీపున కట్టుకుని దిగి, దానికి పట్టిన నాచు, గుడ్డపీలికలు చేత్తో పీకాలి. నడుముకి కట్టిన తాడు పట్టుకుని పైన ఒకరు కూర్చుంటారు, అది కదిలితే లాగాలి. ఈయనతో వంతులవారీగా దిగుతూ, ఈయన దిగినప్పుడు తాడు పట్టే అతను నన్ను వదినా అనేవాడు. అలా అలా మరిదే అయిపోయాడు. అతని భార్య నన్ను అక్కా అనేది.

ఆఫీసులో ఇచ్చే మాస్కు అందరికీ ఒకటే సైజు. ఈయన చెంప దగ్గర సందు మిగిలేది. అందులోంచి నీళ్ళు ఊరేవి. పట్టీ బిగించేకొద్దీ ఇంకా ఎక్కువ కారేవి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కళ్ళు నిప్పుకణికల్లా ఉండేవి, నుదుటి మీద పట్టీ పడ్డ గాడి అన్నం తినేదాకా పోయేది కాదు. ఒకసారి ముక్కులోకి నీళ్ళెళ్ళి, ఉక్కిరిబిక్కిరై పైకొచ్చారు. ఆ మర్నాడే నేను ఆయన్ని వెంటబెట్టుకుని ఈతసామాన్ల షాపుకి వెళ్ళాను.

షాపాయన పెద్దవాడు, నిదానస్తుడు. "పట్టీ సంగతి వదిలేయండి. మాస్కు ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చి, చేతులు తీసేయండి. పడకుండా నిలిస్తే అది మీది."

ఆరు మాస్కులు పెట్టాం. ఆరూ జారి ఒళ్ళో పడ్డాయి.

"మీసం కూడా అడ్డమేనండీ. ముక్కు కింద కాస్త గొరిగించండి" అన్నాడు షాపాయన.

"ముఖంలో తిన్నగా ఉన్నది ఇదొక్కటే. దీన్నీ లాక్కుంటారా?" అన్నారు ఈయన.

"మీసం కావాలా, ప్రాణం కావాలా?" అన్నాను నేను.

"చూశారుగా. ఇంట్లో రోజూ ఇదే."

షాపాయన నవ్వి, లోపలి అర వెతికి ఒక నల్ల మాస్కు తెచ్చాడు. సిలికాన్ కాదు, పాతకాలపు రబ్బరు. అంచు వెడల్పుగా, మెత్తగా ఉంది. ఈయన ఆనించి గాలి పీల్చారు. చేతులు తీశారు. నిలిచింది. తల ఊపినా కదల్లేదు. మీసం నేనే కత్తిరించాను. మర్నాడు పనినుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా "ఒక్క చుక్క రాలేదే" అన్నారు. మరిది కూడా అలాంటిదే కొనుక్కున్నాడు.

కొన్నాళ్ళకి అంచు గట్టిపడి చర్మం ఒరుసుకుపోతోందన్నారు. కుక్కరు రబ్బరు బిరుసెక్కితే నేను రెండు చుక్కల నూనె రాస్తాను. దీనికీ అలాగే రాశాను. మెత్తబడింది. "వెన్న తగిలించుకున్నట్టుంది" అని మురిసిపోయారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వేలితో అంచంతా రుద్దేదాన్ని. మరిది భార్య చూసి వాళ్ళ మాస్కుకీ మొదలుపెట్టింది. నేనే నేర్పాను.

ఎనిమిది నెలలు గడిచాయి. వానలకి కొట్టుకొచ్చిన చెత్తతో జల్లెడ మూసుకుపోయిన రోజు ఆయన దిగారు. తాడు కదిలిందట. మరిది లాగాడు. పైకొచ్చేసరికి మాస్కు నిండా నీళ్ళు, నోట్లో గాలిగొట్టం లేదు. ఒంట్లో ప్రాణమూ లేదు.

ఊపిరాడక పోయారని ఆఫీసులో రాసుకున్నారు. మరిది మా ఇంటికి రావడం మానేశాడు. తాడు లాగడం ఆలస్యం చేశానని ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పుకుని ఏడుస్తున్నాడని విన్నాను.

ఆయన బట్టలతో పాటు మాస్కు కూడా సంచిలో పెట్టి ఇచ్చారు. మూడు వారాలు తెరవలేదు. తెరిచాక చూస్తే అంచు ఉబ్బి, వేలికి అంటుకుంటోంది. ఎడమవైపు బెత్తెడు చీలిక. షాపాయన దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన వాసన చూశాడు.

"నూనె రాశారా అమ్మా?"

తల ఊపాను.

"రబ్బరుకి నూనె తగిలితే లోపల్లోపల కుళ్ళిపోతుంది. సబ్బునీళ్ళతో కడిగితే చాలు. అమ్మేటప్పుడే చెప్పాల్సింది నేను." ఆ మాట తర్వాత నా ముఖం చూడలేక బల్ల తుడుస్తూ ఉండిపోయాడు.

అది శుక్రవారం. సోమవారం మరిది దిగాలి. వెంటనే పరుగెత్తాల్సిన దాన్ని, రెండు రోజులు ఇంట్లోనే కూర్చున్నాను. మాస్కు పాతబడిందని మాత్రం చెబుదామా అనుకున్నాను. అలా చెబితే అతను బతుకుతాడు, కానీ తప్పు తనదేననుకుంటూ బతుకుతాడు. ఆదివారం పొద్దున్న వెళ్ళాను.

మరిది భార్య గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో మాస్కు, పక్కన నూనెగిన్నె.

"రా అక్కా. ఎన్నాళ్ళకి..."

"ఆపేయి. నూనె రాయకు. రబ్బరు పాడైపోతుంది. శుక్రవారం షాపాయన చెప్పాడు."

వేలు గిన్నెలోంచి తీసింది. "మరి బావగారిది?"

"అది కూడా అంతే. నా చేతుల్తో నేనే చేశాను."

లోపల్నుంచి మరిది వచ్చాడు. అంతా విన్నట్టున్నాడు. మాస్కు తీసుకుని రెండు బొటనవేళ్ళతో అంచు లాగాడు. తడిసిన కాగితంలా చీలింది. చీలికలోంచి వేలు పోనిచ్చి చూశాడు.

"నేను లాగడం ఆలస్యమైందనుకున్నా వదినా" అన్నాడు. "ఇన్నాళ్ళూ అదే అనుకున్నా."

"తెలుసు. అందుకే వచ్చాను."

"శుక్రవారమే తెలిసిందా మీకు?"

అవునన్నాను. అతని భార్య గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

"రేపు దిగను. కొత్తది తెచ్చుకుంటా" అన్నాడు.

"షాపుకి నేనూ వస్తాను. ఏది నిలుస్తుందో చూద్దాం."

"వద్దు వదినా" అన్నాడు నెమ్మదిగా. "నేను వెళ్ళగలను."