కర్పూరం తట్టుకునే మిద్దె

కరోనా ఆంక్షలు పూర్తిగా తొలగిన మరుసటి వేసవిలో, నా పదవీ విరమణకు ఇంకా ఏడాది ఉందనగా, తిరుపతిలో ఒక యాత్రికుల లాడ్జి పైకప్పును పరిశీలించే పని నాకు అప్పగించారు. చెన్నై కేంద్రంగా నడిచే ఒక కట్టడాల సలహా సంస్థకు తిరుపతిలో శాఖ ఉండేది. అందులో నేను సీనియర్ ఇంజనీరును. మా సంస్థ స్వయంగా ఏదీ కట్టదు. కట్టినదానికి వచ్చిన జబ్బేమిటో కనిపెట్టి, మందు రాసి, ఆ మందు సరిగా వేశారని తేలాక సంతకం పెడుతుంది. శాఖలో ఆ సంతకం పెట్టే హోదా మేనేజరుకూ నాకూ మాత్రమే ఉండేది. మా పూర్వీకులు సత్యవేడు వైపు మిట్టదారులు, అంటే చిన్న జమీందారులు. ఊళ్ళకు ఊళ్ళు వచ్చి శిస్తు చెల్లించిన ఆ ఇంటి నుంచి నా తరానికి మిగిలిన ఆస్తి సంతకం విలువ ఒక్కటే. దాన్ని నేను ఎన్నడూ తేలికగా ఖర్చు చేయలేదు.

లాడ్జి బస్టాండుకూ అలిపిరికీ మధ్య ఉంది. కింద దుకాణాలు, పైన మూడంతస్తుల గదులు. యజమానురాలు కామాక్షమ్మ భర్త పోయిన నాటి నుంచి తానే కౌంటర్లో కూర్చుని నడుపుతున్నారు. మిద్దె మీద పాత సున్నపు పెంకులు పగిలి నీళ్ళు దిగుతున్నాయని, రెండేళ్ళ కిందట వాటిని తీయించి మెంబ్రేన్ షీటు వేయించారు. మెంబ్రేన్ అంటే నీరు చొరని పలుచని పొర. వీటిలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. తారుతో చేసిన నల్ల షీటును గ్యాసు మంటతో కరిగించి అతికిస్తారు. ప్లాస్టిక్ జాతి తెల్ల షీటును పరిచి, అంచులను వేడిగాలి యంత్రంతో ఒకదానికొకటి కలుపుతారు. తెల్లది ఎండను తిప్పికొడుతుంది కాబట్టి కింది గదులు చల్లగా ఉంటాయి. మన వైపు ఎండలకు అది సరైన ఎంపికే. కామాక్షమ్మ వేయించింది అదే.

అయినా మొదటి వానాకాలానికే ఉత్తరం వైపు గదులు కారాయి. రెండో ఏడు మరీ ఎక్కువైంది. ఆమె తమ్ముడు నాగరాజుకు, డబ్బు పెట్టినందువల్ల, కట్టడంలో వాటా ఉంది. లాడ్జిని ఒక హోటల్ కంపెనీకి దీర్ఘకాలం లీజుకు ఇచ్చేద్దామని అతను పట్టుబట్టాడు. వచ్చే వానల్లో చుక్క కారినా లీజు పత్రం మీద సంతకం చేస్తానని ఆమె తమ్ముడికి మాట ఇచ్చారట. మొదటి రోజు నాతో ఆ మాట చెప్పి, “నాకు ఈ కౌంటర్ తప్ప ఇంకేం తెలీదు సార్. ఈడ కూర్చుంటేనే నేను మనిషిని” అన్నారు. ఇక ఆ విషయం ఆమె మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

షీటు వేసిన కాంట్రాక్టరు మునిరత్నం పుత్తూరు మనిషి. పిలవకుండానే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నాగరాజు అతణ్ణి ఊరంతా దొంగగా ప్రచారం చేస్తుండడంతో కొత్త పనులు ఆగిపోయాయి. “షీటు మంచిది సార్. నా అతుకు యాడన్నా ఊడుంటే నా చెయ్యి నరికేయండి” అన్నాడు.

“చేతులు నరికే పద్ధతి మా సంస్థలో లేదు. స్క్రూడ్రైవర్ ఇవ్వు” అన్నాను.

అతుకును పరీక్షించే పద్ధతి సులువైనది, కానీ ఓపిక కావాలి. మొద్దు మొన ఉన్న స్క్రూడ్రైవర్‌ను అంచు వెంట ఒత్తుతూ మిద్దె అంతా నడవాలి. ఎక్కడ మొన లోపలికి దూరితే అక్కడ అతుకు చెడ్డట్టు. ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని మిద్దె మొత్తం చూశాను. మొన ఎక్కడా దూరలేదు. అంటే మునిరత్నం చెప్పింది నిజం. కానీ ఉత్తరపు పిట్టగోడ మొదట్లో, షీటు వంగి గోడ మీదికి ఎక్కే చోట, చిల్లుల మీద వేసిన చిన్న చిన్న గుండ్రటి మాసికలు వరుసగా ఉన్నాయి. అవి ఎప్పటికప్పుడు మునిరత్నమే వేసినవి. చిల్లులు ఎందుకు పడుతున్నాయో అతనికీ తెలియదు. సిగరెట్లని కొన్నాళ్ళు, కోతులని కొన్నాళ్ళు అనుకున్నాడట. మిద్దె వాటం ఉత్తరానికే ఉంది. పడిన నీరంతా ఆ గోడ వెంటే పారి మూలల్లోని గొట్టాలకు చేరాలి. చిల్లి పడడానికి అంతకన్నా చెడ్డ చోటు లేదు.

ఉదయం చూసిన మిద్దెను సాయంత్రం కూడా చూడాలనిపించి, పొద్దు వాలే వేళకు మళ్ళీ వెళ్ళాను. మిద్దె నిండా జనం. గుండ్లు చేయించుకున్నవాళ్ళు, తడిబట్టలు ఆరేసుకునేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులతో కొండ మెట్లెక్కలేక ఊళ్ళోనే ఉండిపోయి, లిఫ్టులో మిద్దె మీదికి వచ్చిన ముసలివాళ్ళు. అందరి ముఖాలూ ఉత్తరానికే. కొండ మీద దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయి. ఒక పెద్దామె కొంగు ముడి విప్పి కర్పూరం బిళ్ళ తీసింది. పిట్టగోడ మీద పెడితే గాలికి ఆరిపోతోంది. అందుకని గోడ మొదట్లో, గాలి తగలని మూలన నేల మీద పెట్టి వెలిగించి “గోవిందా” అంది. పక్కవాళ్ళంతా అందుకున్నారు. ఆమె నన్ను చూసి, “ఏం నాయనా, కట్టెలా నిలబడినావే? హారతి తీసుకో” అంది.

తీసుకున్నాను. కళ్ళకద్దుకుని, కర్పూరం ఆరాక వంగి షీటు చూశాను. బిళ్ళ అంత గుండ్రంగా కరిగి, అడుగున కాంక్రీటు కనిపిస్తోంది.

కిందికి దిగి కామాక్షమ్మకు చెప్పాను. ఆమె నమ్మలేదు. “మిద్దె మీద కర్పూరం ఎలిగించేది ఇప్పుడు కొత్తా సార్? మా అత్తగారి కాలం నుంచీ ఎలిగిస్తానే ఉండారు. అప్పుడు కారలేదే!” అన్నారు. అప్పుడు కింద ఉన్నది సున్నపు పెంకు అని గుర్తుచేశాను. ఆ ఇంట్లో ఎవరూ ఏదీ దాచలేదు. రోజూ కళ్ళెదుట జరిగేది కాబట్టే ఎవరికీ కనపడలేదు.

మరునాడు ఆఫీసు గదిలో నాగరాజు కూడా కూర్చున్నాడు. కారణం తెలిసింది కాబట్టి మందు సులువన్నాడు. “మిద్దెకు తాళం ఎయ్యక్కా. ఐపోయె గదా! కంపెనీవాళ్ళైనా మొదట సేసే పని అదే.”

“మరి లాడ్జికి కూడా వేసేద్దాం పా” అన్నారు కామాక్షమ్మ. “టికెట్ దొరక్క ఏడుస్తా వచ్చినోళ్ళకు, కొండ మెట్లెక్కలేనోళ్ళకు, మిద్దె మీద నుంచన్నా కొండ సూడండి అని చెప్పే గదరా రూములిస్తా ఉండేది! ఆ మిద్దె ముయ్యాలంటే నాకీ తాళం చెవులు ఎందుకు?”

నాగరాజు నా వైపు తిరిగి, “సార్ మిట్టదారులంట గదా. పోయినవి మిట్టలే, మీసం పోలేదు. మీరు చెప్పండి సార్, మిద్దె మీద గుడి కట్టిద్దామా?” అన్నాడు.

గుడి అక్కర్లేదు, ఒక రాయి చాలన్నాను.

మిద్దె అంతటికీ ఒకే వైద్యం వద్దన్నది నా నివేదిక సారాంశం. దక్షిణం వైపు ముప్పాతిక భాగంలో నీళ్ళ ట్యాంకులు, సోలార్ హీటర్లు ఉన్నాయి. అక్కడికి ఎవరూ పోరు. అక్కడి తెల్ల షీటు చెక్కుచెదరలేదు. దాన్ని తీసి కొత్తది వేయడం దండగ. కొండ కనిపించే ఉత్తరపు పట్టీలో మాత్రం షీటు కోసేసి, నల్ల తారు షీటు రెండు పొరలు వేయాలి. తారు షీటు చవకైనది, కానీ ఎండకు ఓర్వదు. దాని మీద మెత్తని ఫెల్టు గుడ్డ పరిచి, వాటంగా కాంక్రీటు పోసి, పైన మట్టి పెంకులు పరిస్తే ఎండా తగలదు, నిప్పూ తగలదు, కాళ్ళూ తగలవు. కనిపించే చోట ఖరీదైన షీటు, దాగే చోట చవక షీటు. మొత్తం మిద్దెకు ఏ కొత్త షీటు వేసినా అయ్యే ఖర్చులో ఇది చిన్న భాగం.

ఇందులో ఒక మెలిక ఉంది. తారుకూ తెల్ల షీటుకూ పొసగదు. ఒకదానికొకటి తగిలితే తెల్లది కొంతకాలానికి గట్టిపడి పగులుతుంది. అందుకని రెండింటి మధ్య అడ్డంగా చిన్న గట్టు కట్టించాను. దాని మీదికి ఏ షీటు ఆ వైపు నుంచే ఎక్కి ఆగిపోతుంది. పైన రేకు టోపీ. గట్టు దక్షిణపు నీటిని ఆపుతుంది కాబట్టి, దాని రెండు కొసల్లో ఆ నీటికి వేరే గొట్టాలు. కొత్త కాంక్రీటు బరువును కట్టడం మోయగలదా అని కూడా లెక్క చూశాం. పాత సున్నపు పెంకులు ముందే దిగిపోయాయి కాబట్టి స్తంభాలకు అదనపు భారం లేదు.

పని ఎవరికి ఇవ్వాలన్నప్పుడు మునిరత్నానికే ఇమ్మని సిఫారసు చేశాను. తన అతుకు గురించి అతను అబద్ధమాడలేదు. గట్టు దగ్గర అతను చేసిన పని నా ఉద్యోగంలో చూసిన మంచి పనుల్లో ఒకటి.

రాయి విషయం. శ్రీకాళహస్తి రోడ్డులో మా తాతగారు యాత్రికులకు సత్రం కట్టించారు. నా చిన్నతనంలోనే అది చేతులు మారి, నేలమట్టమైంది. దాని మిద్దె మీద, కొండ వైపు, గుంట తొలిచిన నల్లరాయి ఒకటి ఉండేది. కర్పూరం అందులోనే వెలిగించాలి. చిత్తూరు వైపు క్వారీలో అలాంటిదే గ్రానైటు రాయి కోయించాను. గాలికి ఆరిపోకుండా మూడు వైపులా అంచు పెట్టించాను. గాలి ఆర్పని చోటు ఉంటే ఎవరూ గోడ మూలలు వెతుక్కోరు. ఆ నమూనా ఎక్కడిదో నివేదికలో రాయలేదు. రాయవలసిన అవసరమూ లేదు.

పని పూర్తయ్యాక గొట్టాలకు బిరడాలు బిగించి మిద్దె మీద నీళ్ళు నిలబెట్టాం. కింది గదుల కప్పులు పొడిగా ఉన్నాయని చూశాకే సంతకం పెట్టాను. అయినా కొళాయి నీళ్ళు వేరు, నవంబరు వాన వేరు. వాయుగుండం వచ్చి వాన ఎడతెగకుండా పట్టుకున్నప్పుడు, ఎవరూ పిలవకపోయినా ఉదయాన్నే లాడ్జికి వెళ్ళాను. కామాక్షమ్మ కౌంటర్లో లేరు. పై అంతస్తులో, ఉత్తరపు గది గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. లోపల నాగరాజు నిద్రపోతున్నాడు. వాన మొదలైన నాడే తమ్ముణ్ణి పిలిపించి, అందరికన్నా ఎక్కువ కారిన గదిలో పడుకోబెట్టారట.

అతను లేచి, కప్పు వైపు చూసి, పరుపు తడిమి బయటికి వచ్చాడు. “కారలా లేక్కా” అన్నాడు. మళ్ళీ లోపలికి తొంగిచూసి, “ఫ్యాన్ మాత్రం కిర్రుమంటా ఉండాది” అన్నాడు.

“అది ఇంజనీరు సార్ పని కాదు లేరా. నువ్వే నూనె ఏపించు” అన్నారు ఆమె. లీజు మాట మళ్ళీ రాలేదు.

వాన తెరిపిచ్చాక ఆమె నన్ను మిద్దె మీదికి తీసుకెళ్ళారు. రాతి గుంటలో నీళ్ళు నిలిచాయి. అడుగున నల్లటి మసి. “ఇట్లాంటి రాయే కాళాస్త్రి దారిలో ఏదో సత్రంలో ఉండేదంట సార్. మా అవ్వ చెప్పేది. గాలివానలో కూడా దీపం ఆరేది కాదంట. కట్టించినోళ్ళు ఎవురో మహానుభావులు” అన్నారు.

ఆ సత్రం ఎవరిదో నేను చెప్పలేదు. చెబితే ఆమె నాకు నమస్కారం పెట్టేవారు. అంతకన్నా ‘ఎవురో’ అన్న ఆ మాట అలా ఉండడమే నాకు సమ్మతం. తాళం వేయనివ్వని కామాక్షమ్మకూ, కట్టెలా నిలబడ్డావని మందలించి హారతి ఇచ్చిన ఆ పెద్దామెకూ నేను రుణపడి ఉన్నాను. వాళ్ళు లేకపోతే ఆ మిద్దెకు మరో తెల్ల షీటు వేయించి సంతకం పెట్టి ఉండేవాణ్ణి. తొలి వానలకే అదీ కారేది.

ఆ తరువాత విరమణ దాకా ఏ పైకప్పు పని వచ్చినా, షీటు ధరలు తెప్పించే ముందు ఒక సాయంత్రం ఆ పైకప్పు మీదే గడిపాను. చదరపు అడుగుకు ఎంత అన్నది రెండో ప్రశ్న. ఆ మిద్దె మీదికి ఎవరు ఎక్కుతారు, ఎక్కి ఏం చేస్తారు అన్నది మొదటిది. దానికి జవాబు తెలియకుండా కొన్న షీటు ఏ ధరకు దొరికినా చవక కాదు.