కోటా నిండిన శనివారం

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి అవతలికి పోయే మనిషిని నేను. ఇంట్లో ఎవరైనా మూలన ఏదో కదిలిందంటే లైటు వేసి, అది తువ్వాలని చూపించి మరీ పడుకునేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. కానీ ఆ శనివారం జరిగింది మాత్రం జరిగింది. దానివల్ల నష్టపోయింది నేనే కాబట్టి చెప్పే హక్కు కూడా నాదే.

తొంభైల మధ్యలో బాపట్లలో ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. రేపల్లె నుంచి తెనాలి వచ్చి, అక్కడ రైలు మారి వెళ్లేవాణ్ణి. టెంపరరీ ఉద్యోగం. ఏటా పర్మనెంట్ చేస్తామనేవారు, ఏటా నా తర్వాత చేరినవాళ్లను చేసేవారు. వాళ్ల పేర్లు ఇప్పుడడిగినా వరసగా చెప్పగలను.

సెంటర్లో పెద్ద కంప్యూటర్ ఒక్కటే. తెర, కీబోర్డు మాత్రమే ఉండే టెర్మినళ్లన్నీ దానికే తగిలించి ఉండేవి. పిల్లలు అడ్డమైన ఫైళ్లూ దాచి దాని డిస్కు నింపేస్తున్నారని మా హెడ్ గారు కోటా పెట్టాలనుకున్నారు. రేషన్ షాపులో కార్డుకి ఇంత బియ్యం అన్నట్టు, మనిషికి ఇంత చోటు. అది నిండితే ఇక ఒక్క అక్షరం కూడా దాచుకోనివ్వదు.

అది సరిగ్గా పనిచేస్తుందో లేదో పరీక్షించే పని నాకు అప్పగించారు. సోమవారం చేసి చూపిస్తే ఈసారి నీ పేరు తప్పకుండా పంపుతానన్నారు. కోటా పెంచే పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వలేదు. అన్నేళ్లు పనిచేసిన నాకు ఇవ్వలేదు. "ముందు నీ మీదే పెట్టి చూద్దాంలే" అని నవ్వి, నా అకౌంటుకే కోటా బిగించి ఊరెళ్లిపోయారు.

ఇక్కడ చెప్పుల సంగతి చెప్పాలి. దుమ్ము పడితే మిషను పాడవుతుందని ఆ గది బయట అందరం చెప్పులు విప్పేవాళ్లం. అంతకుముందు ఓసారి నా కొత్త చెప్పులు పోయాయి. రేపల్లె దాకా ఉత్తకాళ్లతో వెళ్లాను. స్టాఫ్ రూములో అందరూ నవ్వారు, ఒక్కరూ వెతకలేదు. అప్పట్నుంచి నా చెప్పులు కవర్లో పెట్టుకుని లోపలికి తెచ్చుకునేవాణ్ణి.

శనివారం ఒంటిపూట. అటెండరు యోహాను గది తాళం వేసే పద్ధతి ఒకటే. గుమ్మం దగ్గర చెప్పులు లేకపోతే లోపల మనుషులు లేనట్టే. నేను అద్దాల పార్టిషన్ వెనక, మిషను పక్కన కూర్చుని ఉన్నాను. ఏసీ హోరులో తాళం చప్పుడు వినపడలేదు. ఏసీ ఆగినప్పుడే తెలిసింది, అతను బయట ఆ గది మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్లాడని.

తలుపు బాదాను. అరిచాను. అది పైఅంతస్తు, పిల్లలు లేరు. కిటికీలన్నీ దుమ్ము రాకుండా మేకులు కొట్టి మూసేశారు. ఫోను దుర్వినియోగం అవుతోందని హెడ్ గారు ఎప్పుడో తీయించేశారు. మరునాడు ఆదివారం, యోహాను చర్చికి వెళ్తే సోమవారం దాకా ఇటు రాడు. ఉక్కకి ఊపిరి ఆడటం లేదు. కంప్యూటర్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది. అది అయిపోతే చీకటే.

ఒక్క దారి ఉంది. కింద ఆఫీసులో ఒక టెర్మినల్ ఉంది. చెరుకుపల్లి సుగుణమ్మ గారని క్లర్కు, ఫీజులు ఎక్కించుకుంటూ రైలు టైము దాకా అక్కడే ఉండేవారు. తెర మీదకు నేరుగా వచ్చే మెసేజీలు పని పాడుచేస్తాయని ఆవిడ ఆపుకునేవారు. కాబట్టి మెయిల్ ఒక్కటే గతి.

మెయిల్ రాయాలన్నా ముందు నా చోటులో ఫైలుగా దాచాలి. రాయబోతే కోటా దాటిందంది. నిజమే, పరీక్ష కోసం అప్పటికే నా చోటంతా ఒకే ఫైలు కాపీలతో నింపాను. అన్నీ చెరిపేశాను. లిస్టు చూస్తే ఖాళీ. కోటా చూస్తే నిండుగానే ఉంది. ఏదైనా ప్రోగ్రాము పాత ఫైలు పట్టుకుని ఉంటే చోటు తిరిగి రాదు. అదీ చూశాను, ఏమీ లేదు. బయటికొచ్చి మళ్లీ లాగిన్ అయ్యాను. నా పేరున ఒక్క ఫైలు లేదు, నా చోటు మాత్రం ఇంకెవరో కూర్చున్నట్టు నిండిపోయి ఉంది.

ఎన్నిసార్లు ప్రయత్నించానో. ప్రతిసారీ అదే జవాబు. చివరికి పార్టిషన్‌కి ఆనుకుని నేల మీద కూలబడ్డాను. గదిలో నాకేమీ కనపడలేదు, ఏ చప్పుడూ వినపడలేదు. లేనిది ఉందని చెప్పను.

కొంతసేపటికి తాళం తీసిన చప్పుడు. యోహాను, వెనక సుగుణమ్మ గారు. తడబడుతూ వరండాలోకి వచ్చి పడ్డాను. ఆవిడ మంచినీళ్ల సీసా చేతికిచ్చి నా వెనక్కి చూశారు.

"రెండో ఆయన ఏరండి?" అన్నారు.

ఎవరూ లేరన్నాను. ఆవిడ నమ్మలేదు. నా మెయిల్ వచ్చిందని, అది చూసే యోహానుని పిలిపించానని అన్నారు. నేను పంపలేదని చెప్పి, లోపలికి వెళ్లి కోటా మళ్లీ చూశాను. పూర్తిగా ఖాళీ. తర్వాత ఆఫీసుకెళ్లి ఆవిడ టెర్మినల్ చూశాను. పంపిన పేరు నాదే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: తలుపు తీయించమ్మా, ఇద్దరం లోపల ఉన్నాం, గాలి లేదు.

నేను మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తాను. ఆవిణ్ణి ఏనాడూ మేడమ్ అని తప్ప పిలవలేదు.

సోమవారం హెడ్ గారు కోటా సంగతి అడగనే లేదు. "ఒక్కడివే ఉంటే ఇద్దరం అని ఎందుకు రాశావయ్యా? ఒకటికీ రెండుకీ తేడా తెలీదా?" అన్నారు. బయటి మనిషిని మిషను గదిలోకి తెచ్చానని తీర్మానించారు. నేను రాయలేదంటే, నీ అకౌంటు నుంచి ఇంకెవరు రాస్తారన్నారు. నిండిపోయిన కోటాతో మెయిల్ ఎలా వెళ్లిందో చెప్పమంటే, ఖాళీగానే ఉందిగా అన్నారు. క్షమాపణ కాగితం మీద సంతకం పెడితే నా పేరు పర్మనెంట్‌కి వెళ్తుంది, లేకపోతే అక్కడితో సరి. ఆ గదిలో నాకు ఊపిరాడకపోవడం ఒక ఎత్తు, ఈ కాగితం ముందు కూర్చోవడం ఒక ఎత్తు.

పెట్టలేదు. తీసుకురాని మనిషిని తెచ్చానని ఎలా ఒప్పుకుంటాను? పై వాళ్లకు అర్జీల మీద అర్జీలు పెట్టాను. అన్నిటిలోనూ ఒకటే అడిగాను, ఆ రెండో మనిషెవరో మీరే చెప్పండని. ఒక్క జవాబూ రాలేదు. తర్వాత తెనాలిలో డీటీపీ సెంటర్లో శుభలేఖలు కంపోజ్ చేసుకుంటూ బతికాను.

కొన్నేళ్లకు తెనాలి స్టేషన్లో యోహాను కనిపించాడు. టీ తాగుతుంటే ఆ రోజు మాట వచ్చింది.

"మీరు బయటికొచ్చాక తలుపు వదలబోయానండి. చెయ్యి రాలేదు. వెనక ఇంకొకరు వస్తున్నట్టు పట్టుకునే నిలబడ్డాను. కళ్లకెవరూ కనపళ్లేదు గానీ, వచ్చేశారనిపించాకే వదిలానండి."

ఈ ముక్క అప్పుడే హెడ్ గారి ముందు ఎందుకు చెప్పలేదని దెబ్బలాడాను. అతను టీ డబ్బులిచ్చేసి బండెక్కాడు.

గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ కాగితం ఇప్పుడు తెచ్చినా సంతకం పెట్టను. కానీ నాకు తలుపు తీయించిందెవరో, నాతో పాటు బయటపడి ఎటు వెళ్లారో, నాకీనాటికీ తెలీదు.