ఇరవై ఒకటో రోజు

తాడేపల్లిగూడెంలో నేను వెళ్ళే ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు, మందు పొడి ఉన్న చిన్న సీసాలోకి నీళ్ళు ఎక్కించి, రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లించింది. ఉంగరానికి సీసా తగిలినప్పుడల్లా టిక్కుమంటోంది. మూడు వారాలకొకసారి అలా సీసా దొర్లించడం చూడటం నాకు దాదాపు ఇరవై ఏళ్ళ అలవాటు. ఆ రోజు మాత్రం తల తిప్పుకున్నాను. "సూదంటే ఇంకా భయమేనాండీ?" అని ఆ అమ్మాయి నవ్వింది. భయం కాదు. అంతకు పది రోజుల ముందు ఏలూరులో రహీమా సిస్టర్ గారు పోయారు. నాకు కబురు ఆలస్యంగా అందింది.

మండవల్లి దగ్గర నేను చదువుకున్న ఆడపిల్లల హాస్టల్ స్కూలుకి ఆవిడ నర్సు. ఏలూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. వంటగది పక్కన చిన్న గది, ఒక మంచం, బరువు చూసే మిషను, ఒక బల్ల. అంతే. మేము సిస్టరమ్మ అనేవాళ్ళం. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఐరన్ మాత్రలు ఇచ్చిన రోజు మాత్రం ప్రతి పిల్లనీ నిలబెట్టి, "ఏదీ, నీ పేరు, మీ నాన్నగారి పేరు, ఊరి పేరు చెప్పు" అనేవారు. మాత్ర బుగ్గలో దాచుకుని అన్ని పేర్లు చెప్పడం కుదరదు. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎనిమిదో తరగతిలో, వానల్లో నాకు గొంతు నొప్పీ జ్వరం వచ్చి తగ్గాయి. రెండు మూడు వారాల తర్వాత కుడి మోకాలు వాచింది. మర్నాటికి అది తగ్గి ఎడమ మోకాలు పట్టుకుంది. డ్రిల్లు మేడమ్ నా రెక్క పట్టుకుని సిస్టరమ్మ గదికి తీసుకెళ్ళారు.

"చూడండి సిస్టర్ గారూ! నిన్న కుడికాలు ఈడ్చింది, ఇవాళ ఎడమకాలు ఈడుస్తోంది. దీన్ని సినిమాల్లో పెట్టాలండీ."

నిజం చెప్పాలంటే నాకూ అనుమానంగానే ఉంది. కుడి మోకాలు నొక్కి చూసుకున్నాను, నొప్పి లేదు. అయితే నిన్న నేను అబద్ధమే చెప్పానా అని భయం వేసింది.

సిస్టరమ్మ నన్ను కూర్చోబెట్టారు. "అంతకు ముందు ఎక్కడమ్మా?"

"చీలమండ."

"ఈ మధ్య గొంతు నొప్పి వచ్చిందా?"

తల ఊపాను. ఆవిడ మేడమ్ వైపు తిరిగారు. "అబద్ధం ఆడే పిల్లలు ఒకటే కాలు పట్టుకుని ఉంటారండీ. మార్చి చెబితే దొరికిపోతామని వాళ్ళకి భయం. ఒకసారి ఇక్కడ చెయ్యి వేసి చూడండి."

మేడమ్ నా ఎడమ మోకాలి మీద చెయ్యి వేసి వెంటనే తీసేశారు. "అమ్మో, కాలిపోతోందండీ!" అన్నారు. గొంతు మారిపోయింది. సిస్టరమ్మ ఆవిణ్ణి ఇంకొక్క మాట అనలేదు. వంటగది వైపు తిరిగి, "వంటమ్మ గారూ, ఒక్క నిమిషం ఆ గిన్నెలు ఆపండమ్మా" అని కేకేసి, నా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు.

ఆ పూటే నన్ను బస్సులో ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. గొంతు నొప్పితో మొదలైన జబ్బు కీళ్ళకూ గుండెకూ పాకిందనీ, గుండెలో ఒక కవాటం కొద్దిగా లీకవుతోందనీ డాక్టర్లు తేల్చారు. కీళ్ళు వాటంతట అవే తగ్గుతాయి. గొంతు జబ్బు మళ్ళీ మళ్ళీ వస్తే మాత్రం కవాటం పూర్తిగా పాడవుతుంది. అది రాకుండా ఇరవై ఒక్క రోజులకొక ఇంజక్షను, ఏళ్ళ తరబడి, తప్పకుండా వేయించుకోవాలి.

"మోకాలు తగ్గిపోయింది కదండీ, ఇంకా సూదులెందుకండీ?" అన్నాడు కబురందుకుని వచ్చిన మా నాన్న.

"వలలో ఒక కన్ను తెగిందండీ. రెండోది తెగకుండా ఈ సూది" అన్నారు సిస్టరమ్మ. వలలు అల్లే నాన్నకి ఆ మాట సరిపోయింది.

కొల్లేటి సరస్సులో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టేయించిన ఏడాది అది. ఉన్న పని పోయి అమ్మా నాన్నా వేరే ఊరు వెళ్ళిపోయారు. దసరా సెలవులకి నేను కొల్లేటి లంకలో నాయనమ్మ దగ్గర ఉన్నాను. సూది రోజు సెలవుల్లోనే పడింది. కైకలూరు ఆసుపత్రికి వెళ్ళి వేయించుకోమని సిస్టరమ్మ ముందే చెప్పారు. వానలకు దారి మునిగింది. నాకు సంతోషం వేసింది, ఎందుకంటే ఆ సూది వేస్తే రెండు రోజులు కుంటాలి. నాయనమ్మకి ఏమీ చెప్పలేదు.

మధ్యాహ్నం ఒక పడవ వచ్చింది. మధ్యలో సిస్టరమ్మ, ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో పడవ అంచు గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఆవిడకి ఈత రాదు. కైకలూరు దారి మునిగిందని విని బయల్దేరారట. సూది వేశాక, తేడా వస్తే ఇవ్వాల్సిన మందు కూడా పక్కన పెట్టుకుని, నా మొహం చూస్తూ అరగంట కూర్చున్నారు.

నాయనమ్మ అన్నం వడ్డించింది. ఆవిడ వద్దన్నారు.

"ఏం, మా ఇంట్లో తినకూడదా అండీ?"

"అయ్యో పిన్నిగారూ, రంజాన్ ఒక్కపొద్దండీ. మంచినీళ్ళు కూడా ముట్టను. మీ కొరమీను పులుసు వాసనకి నా సగం పుణ్యం ఇప్పటికే పోయింది. డబ్బాలో పెట్టివ్వండి, సాయంత్రం తింటాను."

నాయనమ్మ పకపకా నవ్వి, డబ్బా నిండా పెట్టింది.

పడవ దాకా వెళ్ళి అడిగాను. "ఇంత నీళ్ళలో ఎందుకొచ్చారు సిస్టరమ్మా? సెలవులయ్యాక వేయించుకునేదాన్ని కదా."

"ఇవాళ ఇరవై ఒకటో రోజు కదమ్మా" అన్నారు.

అంతకంటే పెద్ద జవాబు ఏదో ఉంటుందని చాలా ఏళ్ళు అనుకున్నాను. పుస్తకాలు చదివే అలవాటు పట్టాక, ఆవిడ తరఫున నేనే కొన్ని జవాబులు ఊహించుకున్నాను కూడా. అవేవీ నిలవలేదు. ఈత రాని మనిషిని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని రోజున, అంత నీటి మీదికి తెచ్చింది ఆ లెక్క ఒక్కటే. 

పోయిన నెల డాక్టరు గారు నా గుండె విన్నారు. "కవాటం లీకు అప్పుడెంత ఉందో అంతే ఉందండీ, ఏమీ పెరగలేదు. చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరో వదలకుండా పట్టుకున్నారు" అన్నారు. పేరు చెప్పాను. ఆయనకు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు.

నేను తెలుగు చెప్పే తొమ్మిదో తరగతి గది రెండో అంతస్తులో ఉంది. పుస్తకాలు పట్టుకుని ఆ మెట్లు ఎక్కుతాను. మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోవడానికి ఆగను. గదిలోకి వెళ్తూనే హాజరు పిలవడం మొదలుపెడతాను.